ఊ కొట్టించే విద్య

మా కంచికచర్లలో ఎండాకాలం రాత్రి కరెంటు పోయిందంటే అందరం చాపలు పట్టుకుని డాబా ఎక్కేవాళ్ళం. కింద హైవే మీద లారీల హోరు, దొనబండ వైపు నుంచి కంకర వేసుకొచ్చే టిప్పర్ల మోత. ఆ మోతలోనే అమ్మమ్మ కథ మొదలుపెట్టేది. ఆమెది ఒకటే షరతు. వినేవాడు ఊ కొట్టాలి. కాసేపు ఊ వినపడకపోతే కథ ఆపి, "ఏరా, నిద్రపొయ్యావా?" అనేది. "లేదు" అంటే కథ సాగేది. "నేను వినను పో" అని అలిగినా సాగేది. ఏ జవాబూ రాకపోతేనే దుప్పటి కప్పి పక్కవాడి వైపు తిరిగేది. వినను అన్నవాడు కూడా మెలకువగానే ఉన్నాడని ఆమెకు తెలుసు.

చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఒక కంపెనీలో, రాత్రి షిఫ్టులో, ఇదే పద్ధతిని ఒక గేట్‌వే సర్వర్ మీద చూశాను. 1983లో ఇద్దరు ఇంజనీర్లు రాసిన చిన్న నియమం అది. దాన్ని ఎక్కడ వాడాలో, ఎంత మోతాదులో వాడాలో తెలిసిన ఒక మనిషి పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. ఆయన పేరు రాయను. ఆయనది నందిగామ అవతల ఒక పల్లె. మాది కంచికచర్ల అని చెప్పగానే మొదటిరోజే ఆయన నాకు అన్న అయ్యాడు, నేను ఆయనకు తమ్ముణ్ణయ్యాను. ఆయన చేతిపనిని నేను చూసినంత దగ్గరగా చూపించాలని ఈ ప్రయత్నం.

మా వైపు పిల్లలకు మెయిన్‌ఫ్రేమ్ కొత్త మాట కాదు. 2000వ సంవత్సరం దగ్గరపడుతున్న రోజుల్లో కోబాల్ వస్తే అమెరికా వెళ్ళొచ్చన్న కబురు ఊరూరా పాకింది. జగ్గయ్యపేటలో, నందిగామలో బస్సెక్కిన డిగ్రీ కుర్రాళ్ళు అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నలుగురికో గది తీసుకుని, కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 నేర్చుకునేవాళ్ళు. వాళ్ళ వెనక బ్యాచీల్లో నేనూ వెళ్ళాను. మా ఇన్‌స్టిట్యూట్‌లో మెయిన్‌ఫ్రేమ్ ఐడీలు కొన్నే ఉండేవి. ఒక బ్యాచ్ లేవగానే తర్వాతి బ్యాచ్ అవే ఐడీలతో కూర్చోవాలి. మధ్యలో కరెంటు పోయి వచ్చిందా, ఐడీ కొట్టగానే ఐకేజే56425ఐ అన్న నంబరుతో ఒక సందేశం వచ్చేది. ఈ ఐడీ వాడుకలో ఉంది, లోపలికి రానివ్వను అని దాని అర్థం. వాడుతున్నది ఎవరు? పది నిమిషాల కిందటి నేనే. నా ముందున్న పీసీ ఆరిపోయిన సంగతి అవతలి యంత్రానికి ఎవరూ చెప్పలేదు. మా సారు ఫోన్ చేసి ఆ ఐడీని క్యాన్సిల్ చేయించేదాకా ఖాళీగా కూర్చునేవాళ్ళం.

అదే సమస్య పెద్ద రూపంలో అన్న బల్ల మీదికి వచ్చింది.

గేట్‌వే అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఒకవైపు వందల కొద్దీ పీసీలు. మరోవైపు మెయిన్‌ఫ్రేమ్. పీసీలు మాట్లాడేది టీసీపీ. మెయిన్‌ఫ్రేమ్ పాతకాలం నుంచి మాట్లాడుతున్నది ఐబీఎం వారి ఎస్‌ఎన్‌ఏ. రెండూ 1974లో పుట్టినవే. ఆ ఏడాది మే నెలలో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ టీసీపీకి మూలమైన వ్యాసం అచ్చువేశారు, సెప్టెంబరులో ఐబీఎం ఎస్‌ఎన్‌ఏని ప్రకటించింది. ఒకే ఏట పుట్టినా ఒకదాని మాట ఇంకొకదానికి తెలియదు. ఆ రెంటి మధ్య దుబాసీ గేట్‌వే. మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎన్‌ఏ సర్వర్, ఐబీఎం కమ్యూనికేషన్స్ సర్వర్ ఇలాంటివే. మెయిన్‌ఫ్రేమ్ వైపు గేట్‌వేకి ఎల్‌యూలని కొన్ని సీట్లు కేటాయించి ఉంటాయి. పాత పద్ధతి లింకు ఒక్కోదానికి అవి 254కు మించవు. పీసీ నుంచి ఒక మనిషి లోపలికి రాగానే ఖాళీగా ఉన్న ఎల్‌యూ ఒకటి అతనికి దక్కుతుంది. అతను వెళ్ళిపోగానే అది మళ్ళీ ఖాళీల్లో కలవాలి.

వెళ్ళిపోయిన సంగతి తెలియకపోతే? మన బస్టాండుల్లో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటాం కదా. తువ్వాలు వేసినవాడు టీ తాగడానికి వెళ్ళి అటునుంచి అటే వేరే బస్సెక్కి పోయాడనుకోండి. తువ్వాలు మాత్రం సీటు మీదే ఉంటుంది. నిలబడ్డవాళ్ళు దాన్ని చూసి కూర్చోరు. పదిమంది పనిచేసే ఆఫీసులో ఒక్కసారి కరెంటు పోతే పది తువ్వాళ్ళు పడతాయి. వాళ్ళు మళ్ళీ మిషన్లు వేసుకుని లోపలికొస్తే గేట్‌వే వాళ్ళకు కొత్తగా మరో పది సీట్లు ఇస్తుంది. అలా పాతికసార్లు జరిగితే 250 సీట్లు పోయినట్టే.

అన్న దగ్గరికి ఫిర్యాదు వచ్చిన తీరు ఇది. నాలుగైదు రోజులకోసారి పొద్దున్నే కొత్తగా వచ్చేవాళ్ళకు లోపలికి దారి దొరకడం లేదు. అప్పటిదాకా అందరూ చేస్తున్న వైద్యం గేట్‌వేని రీస్టార్ట్ చెయ్యడం. చేయగానే సీట్లన్నీ ఖాళీ అవుతాయి, మళ్ళీ నాలుగు రోజులు సుఖం. కానీ రీస్టార్ట్ చేసిన క్షణంలో నిజంగా పనిచేసుకుంటున్నవాళ్ళ సెషన్లు కూడా తెగుతాయి. సగం నింపిన ఫారాలు పోతాయి.

"బస్సులో ఉన్నోళ్ళందర్నీ దించేసి మళ్ళీ ఎక్కిస్తే సీట్లు దొరుకుతయ్ తమ్ముడూ. తువ్వాళ్ళు ఎవరివో మాత్రం ఇక ఎప్పటికీ తెలవదు" అన్నాడు అన్న. రీస్టార్ట్‌తో రోగంతోపాటు రోగం ఆనవాళ్ళు కూడా తుడిచిపెట్టుకుపోతాయని ఆయన బాధ. అందుకని ఈసారి సీట్లు నిండిపోయేదాకా ఆగకుండా, సగం నిండిన రోజే కూర్చున్నాడు. ఈ ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. పరిశీలించడానికి మంచి వేళ ఏదో ఆయన ఎంచుకున్నాడు. అందరూ అరుస్తున్న వేళ ఎవరి బుర్రా సరిగా పనిచెయ్యదు.

తెల్లకాగితం మీద పెన్సిల్‌తో మూడు గళ్ళు గీశాడు. ఒకే నిమిషంలో మూడు చోట్ల నుంచి లెక్క తీయించాడు. గేట్‌వే మీద నెట్‌స్టాట్ అన్న కమాండ్ చెప్పే కనెక్షన్లు మొదటి గడిలో. మెయిన్‌ఫ్రేమ్ మీద ఎస్‌ఎన్‌ఏ సెషన్లు చూసుకునే వీటామ్ అన్న ప్రోగ్రామ్ చెప్పే, బైండ్ అయి ఉన్న ఎల్‌యూలు రెండో గడిలో. మూడోది ఏ యంత్రమూ చెప్పలేని లెక్క. దానికోసం ఆఫీసులకు ఫోన్ చేశాడు. "మేడమ్, ఇప్పుడు మీ దగ్గర ఎన్ని మిషన్లు ఆన్‌లో ఉన్నయ్యో ఒక్కసారి లేచి చూసి చెప్తారా?" అని ఓపిగ్గా అడిగాడు. గేట్‌వే, మెయిన్‌ఫ్రేమ్ ఒకే మాట చెప్పాయి. మనుషుల లెక్క మాత్రం వాటికన్నా బాగా తక్కువ వచ్చింది. రెండు యంత్రాలు ఏకమై ఒకే అబద్ధాన్ని నమ్ముతున్నాయని అర్థం. గేట్‌వే కబురు చెబితే తప్ప మెయిన్‌ఫ్రేమ్‌కు ఏదీ తెలియదు కాబట్టి అబద్ధం పుట్టింది గేట్‌వేకీ పీసీకీ మధ్యనే. ఇంకా ఒక్క కమాండ్ మార్చలేదు, ఒక్క సెట్టింగ్ ముట్టుకోలేదు. వెతకాల్సిన చోటు అప్పటికే సగానికి తగ్గింది.

తర్వాత నెట్‌స్టాట్ జాబితాని వరస వరసగా చదవడం మొదలుపెట్టాడు. అందులో ప్రతి కనెక్షన్ పక్కన దాని స్థితి రాసి ఉంటుంది. నాకు అప్పటిదాకా అవన్నీ ఒకేలా కనపడేవి. ఆయన వాటిని మనిషి మొహం చదివినట్టు చదివాడు. టీసీపీలో కనెక్షన్ ముగించే పద్ధతి మనింట్లో చుట్టాలు సెలవు తీసుకోవడం లాంటిది. ఒకరు "వెళ్ళొస్తా" అంటారు. రెండోవాళ్ళు "మంచిది" అంటారు. తర్వాత వాళ్ళూ "ఉంటాను మరి" అంటారు. మొదటివాళ్ళు "సరే" అంటారు. ఈ నాలుగు మాటల్లో ఏది ఆగిపోయిందో స్థితి చూసి చెప్పొచ్చు. క్లోజ్‌వెయిట్ అని ఉంటే అవతలివాడు సెలవు తీసుకున్నాడు, మన ప్రోగ్రామే తలుపు వెయ్యలేదు. అది మన ఇంటి తప్పు, నెట్‌వర్క్ వాళ్ళని తిట్టి లాభం లేదు. ఫిన్‌వెయిట్2 అయితే మనం సెలవు చెప్పాం, అవతలివాడు ఇంకా చెప్పలేదు. టైమ్‌వెయిట్ అసలు రోగమే కాదు. దారిలో ఆలస్యమైన పాత పొట్లం (ప్యాకెట్) ఏదైనా వచ్చి కొత్త కనెక్షన్‌లో కలిసిపోకుండా కాసేపు గడప దగ్గర కాపలా ఉండటం అది. కంగారుపడి దాన్ని తగ్గించేవాళ్ళు ఒక జబ్బు పోగొట్టబోయి ఇంకో జబ్బు తెచ్చుకుంటారు.

మా జాబితాలో ఇవేవీ ఎక్కువ లేవు. దాదాపు అన్నీ ఎస్టాబ్లిష్డ్. అంటే ఆరోగ్యంగా, నిండు సంసారంలా ఉన్నాయని. అవతల మనిషే లేని కనెక్షన్లు కూడా అదే మాట చెబుతున్నాయి. ఎవరూ "వెళ్ళొస్తా" అనలేదు కాబట్టి గేట్‌వే దృష్టిలో ఎవరూ వెళ్ళలేదు. 1981 సెప్టెంబరులో వచ్చిన టీసీపీ ప్రమాణపత్రంలో, జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో, ఈ స్థితికి సగం తెరిచిన కనెక్షన్ అని పేరే పెట్టారు. ఒక వైపు కుప్పకూలి అంతా మరిచిపోతుంది, రెండో వైపుకు ఆ సంగతి తెలియదు. మరిచిపోయిన యంత్రానికి పాత కనెక్షన్ మీద ఒక్క మాట పంపితే చాలు, "నువ్వెవరో నాకు తెలియదు" అని రీసెట్ పంపి వ్యవహారం తేల్చేస్తుంది. ఆ ఒక్క మాటా పంపడానికి గేట్‌వేకి కారణం లేదు. పీసీ అడిగితే జవాబివ్వడం దాని పని, తనంతట తాను పలకరించడం కాదు.

మరి చాలాసేపు మౌనంగా ఉన్న సెషన్లని పోయినవే అనుకుని తెంపేస్తే సరిపోదా? నేను అదే అడిగాను. అన్న నన్ను టెర్మినల్ ముందు కూర్చోబెట్టి, ఒక ఫారం తెర తీసి, "నింపు" అన్నాడు. పక్క మిషన్ మీద పొట్లాల ట్రేస్ పెట్టాడు. నేను పేరు, చిరునామా, అంకెలు కొడుతూనే ఉన్నాను. ట్రేస్‌లో ఒక్క గీత పడలేదు. ఎంటర్ నొక్కాక అంతా ఒక్కసారి వెళ్ళింది. 1971లో ఐబీఎం 3270 టెర్మినల్ తెచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి ఇదే. 24 వరసలు, వరసకు 80 అక్షరాలు, మొత్తం 1,920 అక్షరాల తెర. మనిషి దాన్ని తీరుబడిగా నింపుకోవచ్చు, ఎంటర్ నొక్కేదాకా మెయిన్‌ఫ్రేమ్‌కి శ్రమ ఉండదు. వేలమందిని ఒక్క యంత్రం మొయ్యగలిగిందంటే ఈ పొదుపు వల్లే. అందుకే ఇక్కడ మౌనాన్ని చావు గుర్తుగా తీసుకోకూడదు. ఒక మనిషి శ్రద్ధగా పనిచేస్తున్నప్పుడే ఎక్కువ మౌనం.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. ఎస్‌ఎన్‌ఏ తన సొంత లైన్ల మీద నడిచినన్నాళ్ళూ ఈ ఇబ్బంది ఇంతగా లేదు. మెయిన్‌ఫ్రేమ్ ముందు 3705 లాంటి కంట్రోలర్ ఒకటి ఉండి, లైను మీదున్న టెర్మినల్ గుంపులని ఒకదాని తర్వాత ఒకటిగా ఆగకుండా పలకరిస్తూ ఉండేది, బళ్ళో మాస్టారు హాజరు వేసినట్టు. పలకనిది క్షణాల్లో బయటపడేది. తర్వాత అద్దె లైన్లు పోయి అందరూ టీసీపీ మీదికి వచ్చారు. టీసీపీకి హాజరు వేసే అలవాటు లేదు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు ఒక్క బైటు కూడా పంపకుండా రోజుల తరబడి ఉండగలదు. ఇల్లు మారినప్పుడు పాత ఇంట్లో గోడకే ఉండిపోయిన గడియారంలా, ఆ హాజరు పట్టీ పాత లైన్లతోనే పోయింది. చాలాకాలం ఎవరూ దాన్ని వెతకలేదు.

అన్న తర్వాతి పని నన్ను కట్టిపడేసింది. తువ్వాళ్ళుగా తేలిన సెషన్లన్నిటికీ చివరి మాట ఏ నిమిషంలో నడిచిందో లాగుల్లోంచి తీసి, పక్కనే ఆఫీసు పేరు రాసి, వేళల వారీగా పేర్చాడు. పేర్చగానే అవి రెండు కుప్పలుగా విడిపోయాయి. ఒక కుప్పలో ఒకే ఆఫీసుకు చెందిన ఎనిమిదో పదో సెషన్లు ఒకే నిమిషంలో ఆగాయి. అది కరెంటు. అడగనక్కర్లేకుండానే తెలుస్తోంది, అయినా ఫోన్ చేసి రూఢి చేసుకున్నాడు. రెండో కుప్పలోవి ఒక్కొక్కటిగా, వేర్వేరు చోట్ల. వాటికి కరెంటుతో సంబంధం లేదు. అన్నీ భోజనం వేళకు కాస్త ముందు ఆగినవే.

ఒక ఆఫీసుకు ఫోన్ చేసి, భోజనం చేసొచ్చాక ఏం జరుగుతుందో చెప్పమన్నాడు. అక్కడి మేడమ్ చెప్పింది ఇది: వచ్చి ఎంటర్ నొక్కితే తెర కింద ఎక్స్ గుర్తు, గడియారం బొమ్మ పడి కదలదు. కాసేపు చూసి ఆ కిటికీ మూసేసి కొత్తది తెరుచుకుంటాం. రోజూ ఇంతే, అలవాటైపోయింది.

ఆ అలవాటులోనే గుట్టంతా ఉంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంది. తన గుండా పోయే ప్రతి కనెక్షన్‌ని అది ఒక పట్టీలో గుర్తుపెట్టుకుంటుంది. గంటసేపు ఏ కదలికా లేని కనెక్షన్‌ని పట్టీలోంచి తీసేస్తుంది. చాలా ఫైర్‌వాల్‌లకు గంట అన్నది పుట్టుకతో వచ్చిన లెక్క. తీసేసినట్టు ఇటుపక్కకీ చెప్పదు, అటుపక్కకీ చెప్పదు. మేడమ్ భోజనం చేసి, పక్కవాళ్ళతో నాలుగు మాటలాడి వచ్చేసరికి గంట దాటుతుంది. ఎంటర్ నొక్కితే ఫైర్‌వాల్ ఆ పొట్లాన్ని తెలియనిదిగా చూసి పారేస్తుంది. విసిగి కిటికీ మూస్తే పీసీ మర్యాదగా "వెళ్ళొస్తా" అని పంపుతుంది. దాన్నీ పారేస్తుంది. సెలవు తీసుకున్నారు, ఆ మాట గడప దాకా రాలేదు. గేట్‌వే మీద ఒక తువ్వాలు పడింది.

మా అమ్మమ్మ చెప్పిన కథల్లో ఏడు చేపల కథ ఉంది. తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. ఎండని చేప గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు ఇంకొకరి మీద, చివరికి అంతా ఒక చీమ దగ్గర తేలుతుంది. అందులో ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరి జవాబు వాళ్ళకు న్యాయమే. ఇక్కడా అంతే. కొత్తవాళ్ళకు దారి లేదు, ఎందుకంటే ఎల్‌యూలు లేవు. ఎల్‌యూలు లేవు, ఎందుకంటే గేట్‌వే వదల్లేదు. వదల్లేదు, ఎందుకంటే సెలవు వినపడలేదు. వినపడలేదు, ఎందుకంటే ఫైర్‌వాల్ మరిచిపోయింది. మరిచిపోయింది, ఎందుకంటే గంటసేపు ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడలేదు, ఎందుకంటే మాట్లాడించే సెట్టింగ్ గేట్‌వేలో ఉండి కూడా ఎవరూ ఆన్ చెయ్యలేదు. చీమ అదే. రీస్టార్ట్ చేసినవాళ్ళందరూ చేపని ఎండలో ఇంకోవైపు తిప్పి వేస్తూ వచ్చారు.

ఇప్పుడు మందు. చాలామందికి ముందు తట్టేది, మౌనంగా ఉన్న కనెక్షన్‌ని పలకరించి చూసే టీసీపీ కీప్‌అలైవ్. నేనూ అదే అన్నాను. అన్న కాదనలేదు, దాని లోపలి తయారీ చూపించాడు. కీప్‌అలైవ్ పంపే పొట్లంలో ఒక కిటుకు ఉంది. అవతలివాడికి ఎప్పుడో చేరి, అందిందని ఒప్పుకున్న వరస నంబరునే కావాలని మళ్ళీ వేసి పంపుతారు. అది చూసి అవతలి యంత్రం "ఇది నాకు ఎప్పుడో అందింది, తర్వాతది చెప్పు" అని సవరిస్తూ జవాబివ్వక తప్పదు. అమ్మమ్మ కూడా ఇలా చేసేది. చెప్పేసిన ముక్కే మళ్ళీ చెప్పేది. "అది అయిపొయ్యిందిగా" అని మేం అరిచేవాళ్ళం. మేలుకుని ఉన్నామని ఆమెకు తెలిసిపోయేది.

అయితే కీప్‌అలైవ్‌కి తొందర లేదు. 1989 అక్టోబరులో రాబర్ట్ బ్రేడెన్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 అన్న ఇంటర్నెట్ ప్రమాణపత్రం దాన్ని వాడితే వాడండి, కానీ అడిగితేనే మొదలవ్వాలి, ఎవరూ అంకె మార్చకపోతే మొదటి పలకరింపుకు ముందు కనీసం రెండు గంటలు ఆగాలి అని గట్టిగా చెప్పింది. లినక్స్‌లో ఇప్పటికీ 7,200 సెకన్ల తర్వాతే మొదటి పలకరింపు. పలక్కపోతే 75 సెకన్లకొకటి చొప్పున తొమ్మిది. మొత్తం రెండు గంటల 11 నిమిషాల 15 సెకన్లకు గానీ చనిపోయిందని తేల్చదు. పైగా ప్రోగ్రామ్ తనకు తానుగా కోరకపోతే ఈ అంకెలు ఎంత మార్చినా దండగ. నెట్‌స్టాట్‌కి టైమర్ల గడి చూపమని చెబితే ఒక్కో కనెక్షన్ పక్కన గడియారం నడుస్తోందో ఆగి ఉందో కనపడుతుంది. మా గేట్‌వేలో అన్నిటి పక్కనా ఒకటే మాట: ఆఫ్.

ఆ రెండు గంటల జాగు మొదట నాకు అలసత్వంలా తోచింది. దాని వెనకున్న కారణం తర్వాత మా ఊరి దారే నేర్పింది. 2023 జులై చివర్లో మున్నేరు పొంగి, ఐతవరం దగ్గర నీళ్ళు హైవే మీదికి వచ్చాయి. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిపోయాయి. అటు ఊళ్ళూ బాగానే ఉన్నాయి, ఇటు ఊళ్ళూ బాగానే ఉన్నాయి. మధ్యలో దారి ఒక్కటే లేదు. నీళ్ళు తీశాక బళ్ళు మళ్ళీ కదిలాయి. దారి తెగిన ఆ కాస్త వ్యవధిలో కీప్‌అలైవ్ పలకరించి, జవాబు రాలేదని కనెక్షన్‌ని చంపేస్తే, నిక్షేపంలా బతికున్న రెండు వైపుల్ని విడదీసినట్టవుతుంది. ఆర్‌ఎఫ్‌సీ 1122 కీప్‌అలైవ్ మీద చెప్పిన మొదటి అభ్యంతరం ఇదే. బ్యాండ్‌విడ్త్ ఖర్చు, పొట్లానికి ఇంత అని డబ్బు కట్టే చోట్ల భారం ఆ తర్వాతివి. ఓపికని నియమంగా రాసిన ఆ ఇంజనీర్ల మీద నాకు గౌరవం పెరిగింది. వాళ్ళ మాటని తర్వాతివాళ్ళు కూడా పట్టించుకున్నారు. 2008లో, దారి మధ్యలో చిరునామాలు మార్చే నాట్ పెట్టెల కోసం వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5382, స్థిరపడిన కనెక్షన్‌ని రెండు గంటల నాలుగు నిమిషాలకు ముందు మరిచిపోకూడదంది. మొదటి పలకరింపు రెండు గంటలకు వస్తుంది కాబట్టి, అది వచ్చేదాకా గుర్తుంచుకోవాలని ఆ నాలుగు నిమిషాల లెక్క. మా దారిలో ఉన్న ఫైర్‌వాల్ గంటకే మరిచిపోయేది. మొదటి పలకరింపు వచ్చేసరికి దారి మూసుకుని గంట అయ్యేది.

అన్న ఎంచుకున్నది దానికన్నా పాతది, దానికన్నా సన్ననిది. 3270 తెరని టీసీపీ మీద మోసే టీఎన్3270 పద్ధతి, నిజానికి దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్ మీద కుట్టిన కుట్టు. టెల్‌నెట్‌లో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ 1983 మేలో ఆర్‌ఎఫ్‌సీ 860గా రాసిన టైమింగ్ మార్క్ ఉంది. పంపేది మూడే బైట్లు: 255, 253, 6. ఇక్కడ ఒక గుర్తు పెడతావా అని అడగడం. అవతలిది "పెడతాను" అంటే 255, 251, 6. "పెట్టను" అంటే 255, 252, 6. టెల్‌నెట్ మర్యాద ప్రకారం తనకు చేతకాని పని ఎవరైనా అడిగితే మౌనంగా ఉండకూడదు, చెయ్యను అని చెప్పి తీరాలి. కాబట్టి టైమింగ్ మార్క్ పేరు కూడా వినని ప్రోగ్రామ్ సైతం "పెట్టను" అంటుంది. మనకు కావాల్సింది పలుకే. ఔనన్నా కాదన్నా ఆ పలుకు నడిచివచ్చిన దారి బాగుంది, పలికిన యంత్రం బతికుంది. అలిగినవాడు మెలకువగా ఉన్నాడని అమ్మమ్మ వేసిన లెక్కే.

దీన్ని వాడటానికి ఆఫీసుల్లో ఒక్క పీసీని కూడా ముట్టుకోనక్కర్లేదు. ఎవరి చేతా కొత్త ప్రోగ్రామ్ వేయించనక్కర్లేదు. తెర మీద ఏమీ కదలదు, నింపుతున్న గళ్ళు చెదరవు. అడిగిన సంగతే మనిషికి తెలియదు. పైగా గంటలోపు అడుగుతూ ఉంటే ఫైర్‌వాల్‌కి కదలిక కనపడుతుంది, అది పట్టీలోంచి తీసెయ్యదు. అంటే భోజనం వేళ తువ్వాళ్ళు అసలు పడవు, కరెంటు పోయిన చోట పడ్డ తువ్వాళ్ళు వెంటనే దొరుకుతాయి. రెండు కుప్పలకీ ఒకటే కుట్టు.

ఎంతసేపటికోసారి అడగాలి అన్నదాని మీద ఆయన ఒక సాయంత్రమంతా గడిపాడు. నిమిషానికోసారి అడగొచ్చు, చనిపోయినవి చిటికెలో బయటపడతాయి. కానీ లింకు ఒక్క అయిదు నిమిషాలు ఊగిసలాడితే బతికున్నవాటిని కూడా తెంపేస్తాం. గంటకు దగ్గరగా పెడితే ఫైర్‌వాల్‌తో పందెం. చివరికి పదిహేను నిమిషాలు మౌనంగా ఉన్న సెషన్‌నే అడగాలని పెట్టాడు. మాట్లాడుతున్నవాణ్ణి బతికున్నావా అని అడగడం అమర్యాద కూడాను అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

ఇంకొక ప్రశ్నని దీనితో కలవనివ్వలేదు. పనిచెయ్యకుండా వదిలేసిన తెరని ఇంతసేపటి తర్వాత మూసెయ్యాలి అని భద్రత చూసేవాళ్ళ నియమం వేరే ఉంటుంది. దాని భయం వేరు, ఖాళీ కుర్చీలో ఇంకొకరు వచ్చి కూర్చుంటారని. బతికుందా అన్నదొక ప్రశ్న, పనిచేస్తోందా అన్నది ఇంకొకటి. ఈ రెంటికీ గేట్‌వేలో వేర్వేరు సెట్టింగులు ఉన్నాయి. రెంటినీ ఒకటిగా చూసి ఒకే అంకెతో కొట్టేవాళ్ళని నేను తర్వాత చాలాచోట్ల చూశాను. భద్రతవాళ్ళ అంకెని అన్న ముట్టుకోలేదు, అది వాళ్ళు తేల్చుకోవాల్సింది అన్నాడు.

మార్పు పెట్టిన రాత్రి, అంతకుముందు పేరుకున్న తువ్వాళ్ళని ఒకేసారి ఊడ్చెయ్యలేదు. జాబితా పట్టుకుని ఒక్కో ఎల్‌యూని పేరుపెట్టి, ఆ ఆఫీసు మూసి ఉందని చూసుకుని, దానొక్కదాన్నే వీటామ్ కమాండ్‌తో విడిపించాడు. నేను చదివాను, ఆయన కొట్టాడు. తర్వాత మార్పుల పుస్తకంలో పాత విలువ, కొత్త విలువ, తేదీ రాశాడు. వాటి కింద ఎవరూ అడగని నాలుగో వరస ఒకటి రాశాడు: ఫైర్‌వాల్ గంట మారితే ఈ అంకె కూడా మళ్ళీ చూసుకోవాలి.

మర్నాడు నన్ను ట్రేస్ ముందు కూర్చోబెట్టాడు. ఒకే ఒక సెషన్‌ని చూస్తూ ఉండమన్నాడు. భోజనం వేళ ఎక్స్ గుర్తు పడుతుందని చెప్పిన మేడమ్‌ది అది. 12 గంటల 12 నిమిషాలకు చివరి ఎంటర్ వచ్చింది. తర్వాత మౌనం. 12:27కి గేట్‌వే అడిగింది, పెట్టను అని జవాబు. 12:42, 12:57. ఒంటిగంట పన్నెండు. అదివరకైతే ఫైర్‌వాల్ మరిచిపోవాల్సిన నిమిషం. అడిగింది, జవాబు వచ్చింది. 1:27. 1:42. ఆరుసార్లూ అవే మూడు బైట్లు: 255, 252, 6. అన్న నా వెనక నిలబడి, చేతిలో చల్లారిన టీ గ్లాసుతో, ఏమీ మాట్లాడకుండా చూస్తున్నాడు.

1:52కి ఎంటర్ వచ్చింది. ముందు ఎంటర్ గుర్తు 125, దాని వెనక కర్సర్ ఉన్న చోటు, ఆ వెనక భోజనానికి వెళ్ళకముందు నింపడం మొదలుపెట్టిన గళ్ళన్నీ.